వేపమండ కట్టిన బాలవాడి

మదనపల్లె బస్టాండులో పొద్దున ఆరున్నరకు పలమనేరు బస్సు ఉందని బోర్డు మీద రాసి ఉంది. బస్సు వచ్చేసరికి ఏడుంబావు అయింది. ఆ ముప్పావు గంటలో నేను ముగ్గురితో తగువు పెట్టుకున్నాను. బస్సు ఎప్పుడొస్తుందంటే తల ఎత్తకుండా "వస్తుంది" అన్న గుమాస్తాతో ఒకటి, కడగని గ్లాసులో కాఫీ పోసినవాడితో ఒకటి, నా పక్కన నిలబడ్డ తెల్లమ్మాయిని కళ్లప్పగించి చూస్తున్న ఒక కుర్రాడితో ఒకటి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అబ్బా అంటారు. ఆయన బజారులో రేకుపెట్టెలు చేసి అమ్ముతారు. పొద్దస్తమానం రేకు మీద సుత్తి దెబ్బలు వింటూ పెరిగిన పిల్ల నెమ్మదిగా ఎలా మాట్లాడుతుందని అమ్మీ నన్ను వెనకేసుకొస్తుంది.

నా పేరు ఖుర్షీద్. ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. పక్కనున్న అమ్మాయి పేరు హన్నా, హాలెండు నుంచి వచ్చింది. పల్లెల్లో చిన్నపిల్లలకు బాలవాడులు నడిపే ఒక సంస్థ ఆమెను పిలిపించింది. ఆ సంస్థ పేరు రాయను, రాస్తే నా కలం మైలపడుతుంది. నెల రోజులు మా ఊళ్లో ఉంచి, ఇప్పుడు రామకుప్పం పక్క ఒక పల్లెకు పంపుతున్నారు. ఆమెకు తెలుగు రాదు. ఆమె ఇంగ్లీషు కూడా నా ఇంగ్లీషులాగే నేర్చుకున్నదే. ఇంగ్లీషు తెలిసిన ఆడమనిషి ఎవరైనా తోడుండాలని వాళ్లు అడిగితే, మా హెడ్‌మిస్ట్రెస్ నా వైపు వేలు చూపించింది. దసరా సెలవులు కదా, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావంది. ఆమె అలా అంటే కాదనే ధైర్యం మా స్టాఫ్‌రూములో ఎవరికీ లేదు.

ఆ దారిన ఎవరైనా పోదలుచుకుంటే తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. కుప్పానికి నేరుగా పోయే బస్సు కోసం కాచుకుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. దొరికిన బస్సెక్కి పుంగనూరు మీదుగా పలమనేరు చేరి, అక్కడ మారడం మేలు. పుంగనూరులో బస్సు పది నిమిషాలు ఆగుతుంది. బస్టాండు ఎదుట ఇడ్లీలు వేడిగా ఉంటాయి, చట్నీలో మాత్రం నీళ్లే ఎక్కువ. హన్నా అక్కడ రోడ్డు పక్క నిలబడ్డ పొట్టి ఆవును చూసి దూడ అనుకుని, దాని తల్లి ఏదని అడిగింది. అదే తల్లి, ఈ ఊరి ఆవులు ఇంతే ఉంటాయని చెబితే నమ్మలేదు. పలమనేరు దాటాక గాలి చల్లబడింది. రోడ్డుకు రెండువైపులా మల్బరీ తోటలు, అవి దాటితే వెన్ను తీసిన రాగిచేలు.

మా ముందు సీట్లో టమేటా గంప ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆమె వి.కోట దాకా హన్నాను చూస్తూనే ఉంది. చివరికి ఆగలేక నన్ను అడిగింది.

"ఈ దొరసాని యాడికి పోతాండాది మా?"

"రామకుప్పం పక్క పల్లెకు. చిన్నపిల్లలకు ఆటలూ పాటలూ నేర్పడానికి."

"యాల? వాళ్ల దేశంలో బిడ్డలు లేరా?"

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. హన్నా నవ్వి, ఉన్నారు గాని వాళ్లకు నేర్పేవాళ్లు కూడా చాలామంది ఉన్నారంది. టమేటాల ఆమెకు ఆ జవాబు నచ్చినట్టుంది. దిగబోతూ రెండు పళ్లు హన్నా చేతిలో పెట్టింది. ఆ ప్రయాణంలో నాకు కోపం తెప్పించని మనుషుల్లో ఆమె ఒకతి.

రామకుప్పంలో దిగేసరికి పన్నెండు. సంస్థ జీపు వచ్చి కాచుకుని ఉంటుందని చెప్పారు. రెండింటిదాకా ఎండలో సామాన్లు పెట్టుకుని కూర్చున్నాం. జీపూ లేదు, జీపు తాతా లేదు. చివరికి గడ్డి వేసుకుపోతున్న ఎద్దులబండివాణ్ణి బతిమాలుకుని దాని మీద ఎక్కాం. మేం పోవలసిన గట్టుపల్లె చేరేసరికి మూడు దాటింది. ఊళ్లో ముప్పై గడప కూడా ఉండదు. ఊరి వెనక గట్టు, గట్టు వెనక అడవి. ఊరి మొదట్లో ఒక పెంకుల గది, దాని మీద పెద్ద బోర్డు. బోర్డంతా ఇంగ్లీషులోనే ఉంది. ఆ ఊళ్లో దాన్ని చదవగలిగిన మనిషి ఒక్కరూ లేరు.

బాలవాడిలో పిల్లలు పాటలు పాడుతూ ఎదురొస్తారని హన్నాకు చెప్పి పంపారట. లోపల పాతికమంది దాకా పిల్లలు చాపల మీద అడ్డదిడ్డంగా పడి నిద్రపోతున్నారు. ఒక్కడు కూడా కదల్లేదు. ఐదేళ్లవాళ్ల నుంచి పదేళ్లవాళ్ల దాకా ఉన్నారు. ఏదో జబ్బు తగిలిందనుకున్నాను. హన్నా చెప్పులు విడిచి లోపలికి పోయి ఒక్కొక్కరి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఎవరికీ జ్వరం లేదు.

వెనకనుంచి వంటామె వచ్చింది. ఆమె మునెమ్మ. మొగుడు పోయాక, ఆ బాలవాడిలో వండిపెడుతూ కూతురు చెంగమ్మను సాకుతోంది. చెంగమ్మకు తొమ్మిదేళ్లు, గడప దగ్గరే పడి నిద్రపోతోంది.

"లేపద్దమ్మా, దండం పెడతా," అంది మునెమ్మ. "బిడ్డలు రేత్రంతా మేలుకోనుండారు. ఏనుగులు దిగతాండాయి గదా."

అప్పుడు తెలిసింది సంగతి. తమిళనాడు అడవుల నుంచి ఏనుగులు ఈ పక్కకు రావడం కొత్తగా మొదలైంది. వాళ్ల తాతలు కూడా ఎరగరట. మొదటిసారి వచ్చినప్పుడు ఊరు ఊరంతా సంబరపడింది.

"ఇనాయకసామే నడిసొచ్చినాడు అనుకుంటిమి మా. అడుగు పడినకాడ కర్పూరం ఎలిగిస్తిమి, బెల్లం పెడితిమి. ఆ బెల్లం తినేసి, సేనంతా తినేసి పాయ. మళ్లా మూడోనాడు ఇంకో నాలుగింటిని ఎంట పెట్టుకోనొచ్చె," అని మునెమ్మ చెప్పింది. చెబుతూ నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు.

మగవాళ్లు చాలామంది రాళ్ల క్వారీల్లో కూలికి పోయారు. ఊరు ఒక కట్టుబాటు పెట్టుకుంది. కోత అయ్యేదాకా రాత్రిపూట ఇంటికొక మనిషి మంచె దగ్గర కాపలా ఉండాలి. మగదిక్కు లేని ఇంటి నుంచి బిడ్డయినా రావాలి. ఏనుగు అలికిడి అయితే డబ్బాలు వాయించాలి, కేకలు పెట్టాలి. ఆ డబ్బాలు సంస్థ పంపిన నూనె డబ్బాలే. తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదరవంటారు, డబ్బా చప్పుళ్లకు ఏనుగులు బెదురుతాయో లేదో నాకు తెలియదు. ఆ సంస్థ ఊరికి చేసిన మేలు అంటూ ఉంటే ఆ ఖాళీ డబ్బాలు ఒకటి, మధ్యాహ్నం పెట్టే గోధుమరవ్వ ఉప్మా ఒకటి. చాలామంది పిల్లలకు పొద్దు మొత్తంలో కడుపునిండే కూడు ఆ ఉప్మానే.

మర్నాటినుంచి హన్నా పని మొదలుపెట్టింది. తొమ్మిదింటికి పిల్లలు కళ్లు నులుముకుంటూ వచ్చేవాళ్లు. ఆమె చాపలు పరిచి, కిటికీకి తన దుప్పటి కట్టి చీకటి చేసేది. మధ్యాహ్నం వాళ్లంతట వాళ్లు లేచాక చేతులు కడిగించి ఉప్మా పెట్టించేది. ఆ తర్వాత పొద్దుగూకేదాకా ఆటలే. రెండు చేతుల మధ్య దారం వేసి గూళ్లూ నిచ్చెనలూ అల్లడం ఆమె వాళ్లకు నేర్పింది. అచ్చనగాయలు ఆడడం చెంగమ్మ ఆమెకు నేర్పింది. నాలుగు రోజుల్లో ఆమెకు వచ్చిన తెలుగు మూడే ముక్కలు: రా, తిను, పండుకో. ఆ మూడింటితోనే ఆమె పాతికమంది పిల్లలను సాకింది. వాళ్లు ఆమెను హన్నక్కా అని పిలిచేవాళ్లు. రెండు భాషల మాటలు మూటగట్టుకుని పోయిన నన్ను అడిగేవాళ్లే లేరు. నిజం చెప్పాలంటే దాని మీద కూడా నాకు కోపం వచ్చింది.

మంగళవారం పదకొండింటికి జీపు వచ్చింది. జీపులోంచి సంస్థ సూపర్‌వైజరు నారాయణప్ప దిగాడు. నలభై ఏళ్లుంటాయి, నల్లకళ్లద్దాలు, మెళ్లో కెమెరా. సొంతూరు వి.కోట. తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు, నాలుగూ గడగడా మాట్లాడతాడు. గడపలో నిలబడి లోపలికి చూసి, ఇదేమైనా ధర్మసత్రమా అని అడిగాడు. నేను ఏనుగుల సంగతి చెప్పబోయాను. తెలుసమ్మా, అన్నీ తెలుసు అన్నాడు. చప్పట్లు కొట్టాడు. పిల్లలు లేవలేదు. మునెమ్మ బిందెలోంచి చెంబెడు నీళ్లు ముంచి చెంగమ్మ ముఖాన కొట్టాడు.

ఆ పిల్ల ఉలిక్కిపడి లేచింది. తనెక్కడుందో తెలియలేదు. మూలనున్న డబ్బా లాక్కుని, కళ్లు మూసుకునే దబదబా బాదుతూ, "పో సామీ! పో సామీ!" అని అరిచింది. మిగతా పిల్లలందరూ లేచి ఏడుపులు, కేకలు. నారాయణప్ప మోకాళ్ల మీద కూర్చుని ఫోటో తీసుకున్నాడు. లేచి హన్నా వైపు తిరిగి, చాలా బాగుంది, పిల్లలకు సంగీతం నేర్పుతున్నారన్నమాట అని ఇంగ్లీషులో మెచ్చుకున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చినన్నీ అన్నాను. తెలుగు చాలక మా ఇంటి ఉర్దూలో కూడా అన్నాను. ఆయన నింపాదిగా విన్నాడు. విని, శుక్రవారం బెంగుళూరు ఆఫీసు నుంచి పెద్దమనిషి వస్తాడనీ, పిల్లలందరూ మేలుకుని వరసగా కూర్చుని పాట పాడాలనీ చెప్పాడు. ఆ రోజు నుంచి నిద్రపోయే పిల్లలకు ఉప్మా పెట్టకూడదు. ఈ మాట తల్లులకు నువ్వే చెప్పు, నిన్ను పంపింది అందుకే కదా అని నాతో అని జీపెక్కాడు.

హన్నాకు చెప్పాను. ఆమె తడిసిన చాప ఎత్తి ఎండలో వేసి, ఇంకో చాప పరిచి, చెంగమ్మను "పండుకో" అంది. పిల్ల ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఎంతసేపటికో గాని కళ్లు మూయలేదు.

సాయంత్రం తల్లులందరూ బాలవాడి ముందు చేరారు. కాపలాకు పోకపోతే ఏడాది గింజలు పోతాయి. పోతే బిడ్డకు ఉప్మా పోతుంది. దేన్ని వదులుకోమంటావమ్మా అని ఒకామె నన్నే అడిగింది. నిలబడి నారాయణప్పను తిట్టడం తప్ప నేనేమీ చేయలేకపోయాను. మునెమ్మ మాత్రం అందరూ పోయేదాకా బియ్యపు చేటలో వేలు తిప్పుతూ కూర్చుంది.

శుక్రవారం పొద్దున నేను లేచి చూసేసరికి బాలవాడి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. గడపకు పసుపు రాసి ఉంది. మన పక్క పుట్టినవాళ్లకు ఎవరికైనా దాని అర్థం చెప్పనక్కరలేదు. ఇంట్లో అమ్మవారు పోసింది, పైవాళ్లు గడప తొక్కవద్దని. మేం మసీదుకు పోయేవాళ్లమే అయినా, వేపమండ కట్టిన గడప చూస్తే మా అమ్మీ కూడా చెప్పులు చేతపట్టుకుని దూరంగా పోతుంది. నేను గాభరాగా వంటపొయ్యి దగ్గరికి పరుగెత్తాను.

"ఎవరికే మునెమ్మా? చెంగమ్మకా?"

"ఎవురికీ లేదు మా. అందరూ బాగుండారు. వేపమండ సూస్తే ఎంత పెద్ద దొరయినా గడప దాటడు. బిడ్డలు రోంతసేపు పండుకుంటారు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "తల్లికి సెప్పుకున్నా. ఆటకు గాదు తల్లీ, బిడ్డల కోసరం, తప్పుగా ఎంచుకోవద్దు, అంబలి పోస్తానని మొక్కుకున్నా," అంది.

నాకు ఆ నిమిషంలో ఆ మనిషిని కావలించుకోవాలనిపించింది. పదకొండు గంటలకు జీపు వచ్చింది. మునెమ్మ అప్పుడే పొయ్యి మీద ఆవాలు, కరివేపాకు వేసి ఉప్మాకు తాళింపు పెడుతోంది. వాసన వీధి చివరిదాకా కమ్మగా కొడుతోంది. జీపు ఇరవై గజాల దూరంలో ఆగింది. ముందు సీట్లో టై కట్టుకున్న పెద్దమనిషి ఒకడు కూర్చున్నాడు. నారాయణప్ప దిగి నాలుగు అడుగులు వేసి, గుమ్మం చూసి, అక్కడే నిలబడిపోయాడు. వెనక్కి పోయి పెద్దమనిషి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. జీపు వచ్చిన దారినే తిరిగిపోయింది.

తల్లులు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. నేను పగలబడి నవ్వాను. హన్నాకు చెబితే ఆమె మునెమ్మ చేతులు పట్టుకుని ఊపేసింది. పిల్లలు మాత్రం ఆ నవ్వులకు కూడా లేవలేదు, మధ్యాహ్నందాకా నిద్రపోయారు.

ఆ సంబరం రెండు రోజులు కూడా నిలవలేదు. ఆదివారం పొద్దున రామకుప్పం నుంచి సైకిలు మీద టెలిగ్రాం వచ్చింది. అంటువ్యాధి ఉన్నందున బాలవాడి మూసివేస్తున్నాం, హన్నా సోమవారం కుప్పంలో బెంగుళూరు రైలెక్కాలని అందులో ఉంది. మధ్యాహ్నానికి ఒక బండి వచ్చి రవ్వమూటలు ఎత్తుకుపోయింది. నూనెడబ్బాలు కూడా ఎత్తారు. ఖాళీవి వదిలిపెట్టండయ్యా అని నేను బండివాడితో పోట్లాడితే, నాకు చెప్పినట్టు చేస్తాండానమ్మా అని వాడు ఏడుపు ముఖం పెట్టాడు. బోర్డు మాత్రం వదిలిపోయారు.

మునెమ్మ ఏడవలేదు. అది చూసే నాకు భయం వేసింది. గుమ్మానికి కట్టిన, వాడిపోయిన మండలు విప్పి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నేనే సేసుకుంటిని మా. తల్లి పేరు అబద్దానికి ఆడుకుంటిని. ఆయమ్మకు కోపమొచ్చింది. ఊరి బిడ్డలందురి నోటికాడ కూడు నేనే తీస్తిని."

"అమ్మవారికి కోపమేమిటి మునెమ్మా, ఆఫీసువాళ్ల పని ఇది," అన్నాను.

"నీకు తెల్దులేమ్మా, మీరు వేరే," అంది. కసిరినట్టు కాదు, మెత్తగానే అంది. "మంగళారం మేకను కోసి తల్లికి పెడతా. శాంతం కాకపోతే రేపు నిజంగానే నా బిడ్డకు పోస్తాది."

వాళ్లింట్లో ఉన్నదల్లా ఒక్క చూలు మేక. ఇంకో నెలలో ఈనుతుంది. దాని పాల మీద ఎన్ని ఆశలు పెట్టుకుందో వారం రోజులుగా వింటూనే ఉన్నాను. బాలవాడి పోయాక చెంగమ్మకు మిగిలేది ఆ పాలే. ఎంత చెప్పినా ఆమె తల అడ్డంగా ఊపింది. వాళ్ల దేవత సంగతి నేను చెబితే ఆమె ఎందుకు నమ్మాలి?

సోమవారం పొద్దున ఏడింటికి రామకుప్పంలో బస్సెక్కి ఎనిమిదింటికి కుప్పం చేరాం. బెంగుళూరు రైలు గంట ఆలస్యమన్నారు. స్టేషను ఎదురు హోటల్లో పూరీ బాగుంటుంది, ఆ దారిన పోయేవాళ్లు తినవచ్చు. నేను మాత్రం తినలేకపోయాను. లోపల మూల బల్ల దగ్గర నారాయణప్ప కాఫీ తాగుతున్నాడు. హన్నాకు టిక్కెట్టు కొని ఉంచి, రైలెక్కించిపోవడానికి వచ్చాడట. కూర్చోండి అన్నాడు. హన్నాను సామాన్ల దగ్గర ఉంచి నేను ఆ బల్ల దగ్గరికి పోయాను.

అక్కడ అమ్మవారూ లేదు, అంటువ్యాధీ లేదు, పిల్లలందరూ గుండ్రాళ్లలా ఉన్నారు, నా కళ్లతో చూశాను, మీ ఆఫీసుకు ఆ మాట రాయండి అన్నాను.

"తెలుసమ్మా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"నేను ఈడ పుట్టినోణ్ణే గదమ్మా. అమ్మోరు పోసిన ఇంట్లో తిరగమాత వేస్తారా? జీపు దిగతానే ఆవాల వాసన గుప్పుమనింది. మా యమ్మయితే అమ్మోరు దిగిపోయేదాకా పొయ్యి మీద సుక్క నూనె కాగనిచ్చేది కాదు. ఆడ ఏమీ లేదని అప్పుడే తెలిసిపాయ."

ఆ తాళింపు వాసన నేనూ పీల్చాను. మా ఇళ్లలో ఆ పట్టింపు లేదు కాబట్టి నాకు తట్టలేదు. ఆ హడావిడిలో మునెమ్మకు కూడా తట్టలేదు, చేతికి అలవాటైన పని చేసేసింది.

"తెలిసి కూడా జబ్బని ఎందుకు రాశారు?"

ఆయన కాఫీ చివరి గుటక తాగి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆ బాలవాడి మూసేయాలని ఆఫీసువాళ్లు ఎండాకాలంలోనే అనుకున్నారట. నిద్రపోయే పిల్లల ఫోటోలు చూస్తే చందాలు ఎవరిస్తారు? మంచి కారణం ఒకటి దొరికితే మూసేద్దామని కాచుకుని ఉన్నారు. "జబ్బంటే మర్యాదగా ఉంటాది, ఎవురికీ సెడ్డపేరు రాదు. మీవాళ్లే గుమ్మానికి కట్టి ఇచ్చినారు," అన్నాడు. అని, నాకు కూడా ఒక కాఫీ చెప్పాడు.

ఆ కాఫీ నేను ముట్టుకోలేదు. వంచనలన్నింటిలో నీచమైనది కన్నబిడ్డల కోసం తల్లి ఆడిన అబద్ధాన్ని ఎత్తుకుపోయి తన అబద్ధానికి ముసుగు వేసుకోవడం అని ఆయన ముఖాన్నే అన్నాను. హోటలంతా తలలు తిప్పి చూసింది. ఆయన లేచి చేతులు కడుక్కోవడానికి పోయాడు.

ప్లాట్‌ఫారం మీద హన్నాకు అంతా చెప్పాను. ఇంగ్లీషులో కోపం చెప్పడానికి నాకు మాటలు చాలలేదు, ఆమెకు అర్థం కావడానికి నా ముఖం చాలింది. రైలు వచ్చింది. ఆమె కిటికీ దగ్గర కూర్చుని, బెంగుళూరు ఆఫీసులో అడుగుతాను అంది. అడిగితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. గార్డు ఈల వేసే ముందు, ఇది నీవల్ల జరగలేదు అని తెలుగులో ఎలా చెప్పాలని అడిగింది. నీ తప్పు లేదు అని చెప్పాను. ఆమె రెండుసార్లు తప్పుగా, మూడోసారి సరిగ్గా అంది. రైలు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి, "మునెమ్మా, నీ తప్పు లేదు," అని నా వైపు అరిచింది. ఎవరికి చేర్చమంటోందో నాకు తెలియకపోలేదు. అప్పటికి నా తలనిండా నారాయణప్పే ఉన్నాడు.

పదకొండున్నరకు కుప్పంలో బస్సెక్కాను. మంగళవారం స్కూలు తెరుస్తారు. తెరిచిన రోజు రాని టీచరుకు మా హెడ్‌మిస్ట్రెస్ చేసే మర్యాద మదనపల్లె అంతా ఎరిగిందే. వి.కోట దాకా నారాయణప్పను తిట్టుకున్నాను. వి.కోట నుంచి పలమనేరు దాకా టై కట్టినవాణ్ణి తిట్టుకున్నాను. పలమనేరులో బస్సు మారాక పేపరుకు ఏమని రాయాలా అని వాక్యాలు కూర్చుకున్నాను. బ్రహ్మాండమైన వాక్యాలు వచ్చాయి.

పక్క సీట్లో పూలగంపతో ఒక ముసలామె కూర్చుంది. ఎవరితోనూ మాట్లాడకూడదనుకుంటూనే, నా పెదాలు కదలడం చూసి ఆమె అడగడంతో మొదలుపెట్టి అంతా చెప్పేశాను. ఏనుగులు, డబ్బాలు, నీళ్ల చెంబు, వేపమండలు, తాళింపు, నారాయణప్ప తాగిన కాఫీతో సహా. చుట్టుపక్కల సీట్లవాళ్లు కూడా విని, వాడి నోట్లో మన్ను పడ అన్నారు. నాకు కొంచెం హాయిగా అనిపించింది. బస్సు పుంగనూరు బస్టాండులోకి తిరుగుతుండగా ముసలామె గంప ఎత్తుకుంటూ అడిగింది.

"అదంతా సరే మా. ఆ బిడ్డ తల్లికి సెప్పినావా?"

"ఏం చెప్పాలి?"

"మూసేది ముందే అనుకోనుండారని. ఆయమ్మ మీద తప్పు లేదని."

ఆమె దిగి వెళ్లిపోయింది. నేను సీట్లోనే కూర్చున్నాను. నారాయణప్పకు చెప్పాను, హోటలుకంతా చెప్పాను, రైల్లో పోయిన హన్నాకు చెప్పాను, బస్సులో ఊరూపేరూ తెలియనివాళ్లకు కూడా చెప్పాను. రేపు మేక మెడ మీద కత్తి పెట్టబోయే మనిషికి తప్ప అందరికీ చెప్పాను. ఉత్తరం రాస్తే గట్టుపల్లెలో చదివేవాళ్లు లేరు. పేపరులో పడినా అంతే. ఇంకో గంటలో మా ఇల్లు. అమ్మీ వేడినీళ్లు పెట్టి ఉంచుతుంది.

సంచీ తీసుకుని దిగాను. కండక్టరు మెట్టు మీద నిలబడి, "మదనపల్లెకు గదా మా టికెట్టు తీసినావు, ఈడ దిగతాండావే?" అన్నాడు. వాడి మీద కోప్పడడానికి కూడా నాకు తీరిక లేదు. అవతల పలమనేరు బస్సు ఇంజను ఆడుతూ ఉంది. పరుగెత్తి ఎక్కాను. పలమనేరులో ఆఖరు బస్సు దొరికితే పొద్దుగూకేలోగా రామకుప్పం చేరవచ్చు. పల్లెకు బండి దొరక్కపోతే రామకుప్పంలో టెలిగ్రాం తెచ్చిన సైకిలాయన ఇంట్లోనైనా పడుకుని, తెల్లారగట్ల నడిచిపోవచ్చు.

కిటికీ పక్కన కూర్చున్నాను. ఇందాక వచ్చిన దారే మళ్లీ వెనక్కి పోతోంది. పలమనేరు దాటితే మళ్లీ మల్బరీ తోటలు, రాగిచేలు, గట్ల మీద మంచెలు. ఆ పక్కకు పోయేవాళ్లు ఎవరైనా ఉంటే, మంచెలు పగలు ఖాళీగా కనిపిస్తాయి, చూసి మనుషులు లేరనుకోకండి. వాళ్లు ఎక్కడో పడుకుని ఉంటారు. లేపకండి.

నేను ఆమెకు చెప్పవలసినవి మనసులో వరసగా పెట్టుకున్నాను. మూసేయాలని ముందే అనుకున్నారని, వేపమండ చూసి ఎవరూ మోసపోలేదని, ఆవాల వాసన సంగతి కూడా చెప్పాలి. అది చెబితే ఆమె నమ్ముతుంది, ఎందుకంటే అది వాళ్ల ఇంటి సంగతి, ఆమెకే బాగా తెలుసు. మీరు వేరే అని మళ్లీ అంటే అననీ. రేకుపెట్టెల సాయెబు కూతురినే. అయినా ఆమె గడపలో నిలబడి, మేక మెడలో తాడు విప్పేదాకా చెబుతాను: అమ్మవారికి కోపం రాలేదు మునెమ్మా, వచ్చింది నాకు.